క్లిక్‌కు ఖరీదు కట్టేదెలా?

చేతిలో కొత్త కెమెరా ఉంది. కన్నూ చురుకైనదే. ఫొటోలు చూసినవాళ్లంతా 'భలే తీశావే' అంటున్నారు. కానీ 'ఎంతిమ్మంటావు?' అని అడగ్గానే నోరు పెగలదు. ఫొటోగ్రఫీని బతుకుదెరువుగా ఎంచుకున్నవాళ్లకు అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది.

తిరువూరులో ఓ కుర్రాడు అప్పుచేసి కెమెరా కొన్నాడు. చిన్న గది అద్దెకు తీసుకుని స్టూడియో పెట్టాడు... అనుకుందాం. మాఘమాసం వచ్చింది. తెలిసినవాళ్లింట్లో పెళ్లి. 'ఎంతిమ్మంటావురా అబ్బాయ్?' అనడిగాడు పెళ్లికూతురి తండ్రి. 'మీకు తెలియందేముంది బాబాయ్, మీ ఇష్టం' అన్నాడు కుర్రాడు. రెండ్రోజులు నిద్ర మానుకుని తీశాడు. మరో నాలుగు రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని ఫొటోలు దిద్దాడు. తీరా ఆల్బమ్ ప్రింటింగు ఖర్చు పోగా చేతికొచ్చింది లెక్కపెట్టుకుంటే కెమెరా వాయిదాకు కూడా చాల్లేదు.

అదే కుర్రాడు ఓరోజు తెల్లారకముందే లేచి ఊరిబయట మామిడితోటకు వెళ్లాడు. చెట్టు నిండా కాయలు, వాటి మీద లేత ఎండ. ఒక ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. ఫేస్‌బుక్‌లో పెడితే లైకులే లైకులు. మరుసటి ఏడాది సీజను వచ్చేసరికి ఆ ఫొటో ఓ పండ్ల వ్యాపారి అట్టపెట్టెల మీద ప్రత్యక్షమైంది! వెళ్లి అడిగితే ఆయన నవ్వేశాడు. 'ఊరందరికీ నువ్వే చూపించావుగా, మేం వేసుకుంటే తప్పొచ్చిందా? కావాలంటే ఓ డజను కాయలు పట్టుకెళ్లు!'

ఈ కుర్రాడు ఊహే. కానీ ఇలాంటి ఇబ్బందులు కొత్త ఫొటోగ్రాఫర్లకు కొత్తేమీ కాదు. తమాషా ఏంటంటే... ఈ రెండు ఫొటోల కథా ఒకటి కాదు. పెళ్లి ఫొటోల్లో అతనికి రావాల్సింది పనికి తగ్గ ప్రతిఫలం. మామిడితోట ఫొటోలో రావాల్సింది వాడుకున్నందుకు కట్టాల్సిన అద్దె. ఈ తేడా తెలిస్తే చాలు, సగం చిక్కు విడిపోయినట్టే.

తోట వేరు... కాపు వేరు

విజయవాడ నుంచి భద్రాచలం వెళ్లే దారిలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో ఉంటుంది తిరువూరు. 2022లో కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారింది. చుట్టుపక్కలంతా మామిడితోటలు. ఇక్కడి రైతులకు లైసెన్సు అంటే ఏంటో ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. పూత చూసో, పిందె చూసో వ్యాపారితో ధర మాట్లాడుకుని ఆ ఏటి కాపును గుత్తకిచ్చేస్తుంటారు. కాయలు వ్యాపారివి. చెట్లూ, నేలా రైతువే. ఆ సీజను అయిపోతే ఒప్పందమూ అయిపోతుంది. మళ్లీ ఏడాది మళ్లీ బేరం.

ఫొటో కూడా అంతే. 'ఈ ఫొటోను ఈ పనికి, ఇంతకాలం వాడుకోండి' అని అనుమతిస్తే అది లైసెన్సు. కాపును గుత్తకివ్వడం లాంటిది. 'ఇక ఈ ఫొటో మీదే' అని హక్కులన్నీ రాసిచ్చేస్తే అది తోటను రిజిస్టరు చేసివ్వడం లాంటిది. ఏ రైతూ ఒక ఏటి కాపు ధరకు తోట మొత్తం రాసివ్వడు. కొత్త ఫొటోగ్రాఫర్లు మాత్రం తెలియక ఆ పనే చేస్తుంటారు. పెన్‌డ్రైవ్‌లో ఫొటో కాపీ చేసిచ్చి, ఇచ్చింది పుచ్చుకుని వచ్చేస్తారు. దేనికి వాడుకుంటారో, ఎన్నేళ్లు వాడుకుంటారో అడగరు.

డబ్బిచ్చి తీయిస్తే...

ఫొటో ఎవరు తీస్తే హక్కు వాళ్లదేనని చాలామంది అనుకుంటారు. మన చట్టం అలా అనడం లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం... ఎవరైనా ప్రతిఫలం ఇచ్చి ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు ఆ ఫొటోకు మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. అంటే పెళ్లి, ఓణీల వేడుక, గృహప్రవేశం ఫొటోల కాపీరైట్ సాధారణంగా ఆ కుటుంబానిదే. 'వేరే ఒప్పందం లేనప్పుడు' అన్నదే ఇక్కడ కీలకం. రాసుకుంటే లెక్క మారుతుంది.

ఉద్యోగంలో ఉండి తీసిన ఫొటోలకు మరో లెక్క. మామూలుగా హక్కు యజమానిది. పత్రికా ఉద్యోగి తీసిన ఫొటోల విషయంలో ప్రచురణ వరకూ హక్కు పత్రిక యాజమాన్యానిది, మిగతా హక్కులు తీసినవాళ్లవి. ఇక ఎవరూ పురమాయించకుండా, జీతానికి కాకుండా, సొంతంగా తీసుకున్న ఫొటో? అది పూర్తిగా ఫొటోగ్రాఫరుదే. మన కుర్రాడి మామిడితోట ఫొటో ఈ కోవలోకే వస్తుంది. దానికి రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు, తీసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది. ఇదివరకు ఫొటోలకు ప్రచురించిన నాటి నుంచి 60 ఏళ్లే రక్షణ ఉండేది. 2012లో చట్టాన్ని సవరించాక అది ఫొటోగ్రాఫరు జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్లు అయింది. ఇవాళ తీసిన మంచి ఫొటో మనవల కాలానికీ కాపు కాస్తుందన్నమాట.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పెళ్లి ఫొటోలపై హక్కు ఆ కుటుంబానిదైనప్పుడు, పెళ్లికూతురి ఫొటోను స్టూడియో అద్దాల్లో పెట్టాలన్నా, ఇన్‌స్టాగ్రామ్‌లో వేసుకోవాలన్నా వాళ్లను అడగాల్సిందే. 'మా పనికి నమూనాగా కొన్ని ఫొటోలు చూపించుకుంటాం' అని ముందే కాగితంలో ఒక వాక్యం రాసుకుంటే తర్వాత మాటొచ్చే పని ఉండదు. ఇష్టంలేదంటే ఆ వాక్యం కొట్టేయడమే మర్యాద.

హక్కు ఎవరి దగ్గరున్నా ఒకటి మాత్రం ఫొటోగ్రాఫరును వదిలిపోదు. 'ఇది నేను తీసింది' అని చెప్పుకునే హక్కు, తన పేరుకు మచ్చ తెచ్చేలా ఫొటోను పాడుచేస్తే అభ్యంతరం చెప్పే హక్కు... ఈ రెంటినీ 57వ సెక్షన్ కాపాడుతుంది.

పక్కవాడి రేటు కాదు... మన ఖర్చు

'పక్క స్టూడియోవాళ్లు అయిదువేలకే చేస్తామన్నారు' అనగానే కొత్తవాళ్లు నాలుగున్నరకు దిగిపోతారు. పక్కవాడి రేటు చూసి ధర చెప్పడమంటే పక్కవాడి చెప్పుల్లో కాలు పెట్టడమే. ముందు తన ఖర్చెంతో తనకు తెలియాలి.

ఓ లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే, ఎవరి అంకెలు వాళ్లు వేసుకోవచ్చు. కెమెరా, లెన్సులు, ఫ్లాషు, కంప్యూటరు కలిపి 3 లక్షలు అయ్యాయనుకుందాం. అవి నాలుగేళ్లు పనిచేస్తే ఏడాదికి 75 వేలు. గది అద్దె నెలకు 5 వేల చొప్పున 60 వేలు. కరెంటు, ఇంటర్నెట్, హార్డ్‌డిస్కులు, రిపేర్లు, పెట్రోలుకు మరో 45 వేలు. మొత్తం లక్షా 80 వేలు. ఇల్లు గడవడానికి నెలకు 20 వేలైనా కావాలి కదా. అది 2 లక్షల 40 వేలు. వెరసి ఏడాదికి 4 లక్షల 20 వేలు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఏడాదిలో డబ్బులొచ్చే రోజులెన్ని? ఆషాఢం, భాద్రపదం, పుష్యం... ఈ నెలల్లో పెళ్లి ముహూర్తాలుండవు. మూఢం వస్తే అసలే ఉండవు. ఉన్న ముహూర్తాలు కూడా అందరికీ ఒకే రోజు. పైగా ఒక రోజు తీస్తే రెండు రోజులు దిద్దాలి. కొత్తవాళ్లకు 60 రోజులు పని దొరికితే గొప్పే. 4 లక్షల 20 వేలను 60తో భాగిస్తే రోజుకు 7 వేలు!

ఇది లాభం కాదు, గట్టెక్కడానికి కావాల్సిన మొత్తం. ఆల్బమ్, అసిస్టెంటు, డ్రోన్, దూరప్రయాణం ఖర్చులు దీనికి అదనం. ఈ లెక్క చేతిలో ఉంటే అయిదువేల బేరం ఎందుకు నష్టమో తనకూ తెలుస్తుంది, ఎదుటివాళ్లకూ నెమ్మదిగా చెప్పగలుగుతాడు.

మరి బంధువులు, స్నేహితుల సంగతేంటి? చిన్న ఊళ్లో మొహమాటం తప్పదు. దానికీ ఓ ఉపాయం ఉంది. బిల్లులో పూర్తి ధర రాసి, దాని కింద 'మనవాళ్లకు తగ్గింపు' అని వేరే గీతలో చూపించడమే. అలా చేస్తే ఇచ్చిన తగ్గింపు వాళ్లకు తెలుస్తుంది. వాళ్లు నలుగురికీ చెప్పేటప్పుడు తగ్గించిన ధర కాకుండా అసలు ధర చెబుతారు.

పన్ను భయం కూడా కొందరికి ఉంటుంది. ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటనంతవరకూ ఇలాంటి సేవలు అందించేవాళ్లు సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. అయినా ప్రతి పనికీ బిల్లు రాసివ్వడం మంచి అలవాటు.

అయిదు ప్రశ్నలు అడగండి

ఇక సొంతంగా తీసిన ఫొటోల సంగతి. ఎవరైనా వచ్చి 'ఈ ఫొటో కావాలి, ఎంత?' అంటే వెంటనే అంకె చెప్పకూడదు. ముందు అయిదు ప్రశ్నలు అడగాలి. దేనికి వాడతారు? ఎన్నాళ్లు? ఎంత ప్రాంతంలో? ఎన్ని కాపీలు, ఎంత సైజు? మీ ఒక్కరికేనా, వేరేవాళ్లకూ ఇవ్వొచ్చా?

ఎరువుల దుకాణం వాళ్లు 500 క్యాలెండర్లు వేసుకోవడం వేరు. ఒక కంపెనీ రెండు రాష్ట్రాల్లో హోర్డింగులు పెట్టడం వేరు. ఫొటో ఒకటే అయినా దానివల్ల వాళ్లకు కలిగే లాభం ఒకటి కాదు. క్యాలెండరుకు ఏడాదికి 2 వేలు అనుకుంటే, అదే ఫొటో పండ్ల పెట్టెల మీద సీజనంతా తిరగడానికి అంతకు రెండింతలో మూడింతలో అడగడంలో తప్పులేదు. 'మాకు తప్ప ఎవరికీ ఇవ్వకూడదు' అంటే, మిగతావాళ్లకు ఇచ్చుకుంటే వచ్చే డబ్బును కూడా అందులో కలపాలి. ఇవి మార్కెట్ రేట్లు కావు, లెక్క వేసే పద్ధతి మాత్రమే.

మొదటి అంకె తేలకపోతే ఒక కొండగుర్తు. ఈ ఫొటో దొరక్కపోతే వాళ్లు ఏంచేస్తారు? ఓ ఫొటోగ్రాఫరును పిలిచి, ఒకరోజు తోటకు పంపించి తీయించుకోవాలి. దానికి ఎంతవుతుందో ఇందాకే లెక్కేశాం. ఎండ సరిగ్గా పడుతుందన్న నమ్మకమూ లేదు. ఆ ఖర్చును మనసులో పెట్టుకుంటే బేరం గాల్లో ఉండదు.

ఫొటోలో మనుషులుంటే మరో జాగ్రత్త. వార్తలో వేయడం వేరు, ప్రకటనలో వాడటం వేరు. వ్యాపార ప్రకటనకైతే అందులో కనిపించే మనిషి అనుమతి రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం ఉండాలి. దీనిపై 2012లో దిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటుంది. అమితాబ్ బచ్చన్, జయాబచ్చన్‌లతో టైటాన్ సంస్థ తీయించిన తనిష్క్ నగల ప్రకటన అది. ఉత్తర్‌ప్రదేశ్‌లోని ఓ నగల దుకాణం వాళ్లు దాన్నే తమ హోర్డింగులకు ఎక్కించేశారు. కోర్టు టైటాన్ పక్షాన నిలిచింది. ఆ ప్రకటనపై కాపీరైట్ తీయించిన సంస్థదనీ, ప్రముఖుల రూపాన్ని వాళ్ల అనుమతి లేకుండా వ్యాపారానికి వాడుకోకూడదనీ చెప్పింది. 'ఎక్కడో దొరికింది, ఫ్లెక్సీ వేసేశాం' అనేవాళ్లంతా గుర్తుంచుకోవాల్సిన కథ ఇది.

పచ్చని కొండ... చే బొమ్మ

విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ వాడినవాళ్లకు తెర మీది ఆ పచ్చని కొండ, నీలాకాశం గుర్తుండే ఉంటాయి. 1996లో అమెరికాలోని కాలిఫోర్నియాలో చార్లెస్ ఒరియర్ అనే ఫొటోగ్రాఫరు కార్లో వెళ్తూ దారిలో ఆగి తీసిన ఫొటో అది. ఎవరూ తీయమనలేదు. ఏజెన్సీ ద్వారా అమ్మకానికి పెట్టాడు. 2000లో మైక్రోసాఫ్ట్ దాని హక్కులన్నీ కొనేసింది. ఎంతకన్నది బయటపెట్టకూడదని ఒప్పందం. దాని విలువ చూసి కొరియర్ సంస్థలు తీసుకెళ్లడానికి జంకితే, విమానం టికెట్టు ఇచ్చి ఆయన చేతే తెప్పించుకున్నారట. తోట మొత్తం రాసిచ్చేశాడు... కానీ తోట ధరకే!

దీనికి పూర్తిగా ఎదురు కథ అల్బెర్తో కోర్దాది. 1960 మార్చి 5న హవానాలో ఆయన తీసిన చే గువేరా ఫొటో ప్రపంచమంతా టీషర్టులెక్కింది, గోడలెక్కింది. 1967లో ఇటలీకి చెందిన ఓ ప్రచురణకర్త అడిగితే ప్రింట్లు ఉచితంగానే ఇచ్చాడు. పోస్టర్లు లెక్కలేనన్ని అచ్చయినా ఆయనకు రాయల్టీ ముట్టలేదు.  కానీ 2000లో ఓ వోడ్కా ప్రకటనలో చే బొమ్మ కనిపించేసరికి ఊరుకోలేదు. కోర్టుకెక్కాడు. రాజీలో వచ్చిన సుమారు 50 వేల డాలర్లను క్యూబా పిల్లల వైద్యానికి ఇచ్చేశాడు. హక్కంటే డబ్బొక్కటే కాదు. 'దీనికి మాత్రం వాడొద్దు' అనగలగడం కూడా!

ఆన్‌లైన్ సంతలో...

ఊళ్లోనే అమ్మాలని లేదు. తిరువూరులో కూర్చునే ఫొటోలను స్టాక్ వెబ్‌సైట్లలో పెట్టొచ్చు. షట్టర్‌స్టాక్, అడోబీ స్టాక్ అలాంటివే. భారతీయుల ముఖాలతో, మన జీవితంతో ఉన్న ఫొటోల కోసం 2006లో సందీప్ మహేశ్వరి ఇమేజెస్ బజార్ ప్రారంభించారు. అయితే ఆశలు అదుపులో ఉండాలి. షట్టర్‌స్టాక్ 2020లో తెచ్చిన పద్ధతి ప్రకారం ఫొటోగ్రాఫరు వాటా 15 శాతం నుంచి మొదలై, అమ్మకాలు పెరిగేకొద్దీ 40 శాతం దాకా వెళ్తుంది. కొత్త ఏడాది రాగానే మళ్లీ మొదటి మెట్టు. చందా పథకంలో అమ్ముడైతే ఒక్కో డౌన్‌లోడుకు చేతికొచ్చేది కొన్ని సెంట్లే.

అక్కడ కనిపించే 'రాయల్టీ ఫ్రీ' అన్న మాట చూసి చాలామంది పొరబడతారు. ఉచితమని కాదు, ఒకసారి డబ్బు కట్టి ఒప్పందంలోని హద్దుల మేరకు ఎన్నిసార్లయినా వాడుకోవచ్చని దానర్థం. కృత్రిమ మేధకు శిక్షణ ఇవ్వడానికి కూడా ఈ వెబ్‌సైట్లు తమ దగ్గరున్న ఫొటోలను ఇస్తున్నాయి. అందులో వాటా ఇవ్వడానికంటూ 2022లో షట్టర్‌స్టాక్ ఓ నిధిని ప్రకటించింది. అందుకే ఒప్పుకుంటున్నానని నొక్కేముందు షరతులు చదవాలి. ఊళ్లో ఒక్క క్యాలెండరు లైసెన్సుకు వచ్చేంత డబ్బు అక్కడ రావాలంటే ఎన్ని డౌన్‌లోడ్లు కావాలో కూడా లెక్కేసుకోవాలి.

కాగితమే నెగెటివ్

ఫిల్ము రోజుల్లో స్టూడియోవాళ్లకు నెగెటివే తాళంచెవి. అది బీరువాలో ఉన్నంతవరకూ మరో కాపీ కావాలంటే వాళ్ల దగ్గరికే రావాలి. ఇప్పుడు నెగెటివ్ లేదు. వాట్సప్‌లో ఒక్క క్షణంలో వెయ్యిమందికి వెళ్లిపోతుంది. నెగెటివ్ చేసిన పనిని ఇప్పుడు కాగితమే చేయాలి.

హక్కులు బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలంటుంది చట్టం. లైసెన్సు కూడా రాతలోనే ఉండాలి. ఆ కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే దేశమంతా అన్నట్టుగా లెక్క. ఒక్క సీజనుకు ఇద్దామనుకున్న ఫొటో, ఒక్క మాట రాయనందుకు అయిదేళ్లు పోతుంది.

ఇక ఎవరైనా అడక్కుండా వాడేస్తే? ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో పెట్టినంత మాత్రాన హక్కు పోదు. ఆ ఫొటోను చూపించుకోవడానికి ఆ సంస్థకు అనుమతిస్తున్నామంతే, ఊరందరికీ కాదు. ముందు సాక్ష్యం భద్రం చేసుకోవాలి. కెమెరాలోని అసలు ఫైలు, దాంతోపాటు తీసిన వరసలోని మిగతా ఫొటోలు, అవతలివాళ్లు వాడిన చోటు ఫొటో, తేదీ. తర్వాత మర్యాదగా ఓ ఉత్తరం, దాంతోపాటు బిల్లు. చాలా తగవులు అక్కడే తెగిపోయే అవకాశం ఉంది. వెబ్‌సైట్లలో ఉంటే తొలగించమని రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. 2013 నాటి కాపీరైట్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు సరైనదని తోస్తే 36 గంటల్లో దాన్ని కనపడకుండా చేయాలి. 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ పెట్టేయొచ్చు. కోర్టుకు వెళ్లాల్సివస్తే దిల్లీ దాకా పరుగెత్తక్కర్లేదు. హక్కుదారు తాను నివసించే ప్రాంతంలోని జిల్లా కోర్టులో కేసు వేయడానికి 62వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. తెలిసీ ఉల్లంఘించినట్టు తేలితే ఆర్నెల్ల నుంచి మూడేళ్ల వరకూ జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకూ జరిమానా పడొచ్చు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా, చేయించుకుంటే ఆ పత్రం కోర్టులో తొలి సాక్ష్యంగా పనికొస్తుంది.

ఒక్క పేజీలో...

పెళ్లి ఒప్పందానికైనా, ఫొటో లైసెన్సుకైనా ఒక్క పేజీ చాలు. తెలుగులో రాసుకున్నా చెల్లుతుంది.
* ఇద్దరి పేర్లు, చిరునామాలు, తేదీ.
* పెళ్లి పనైతే... ఎన్ని రోజులు, ఎంతమంది వస్తారు, ఎన్ని ఫొటోలు, ఆల్బమ్‌లో ఎన్ని పేజీలు, ఎప్పటికిస్తారు.
* అడ్వాన్సు ఎంత, మిగతాది ఎప్పుడు. పెళ్లి వాయిదా పడితే అడ్వాన్సు సంగతేంటి.
* కాపీరైట్ ఎవరిది. స్టూడియో నమూనాగా చూపించుకోవచ్చా, లేదా.
* అసలు ఫైళ్లు ఇస్తారా, ఎన్నాళ్లు దాచి ఉంచుతారు.
* లైసెన్సయితే... ఏ ఫొటో, దేనికి, ఎక్కడ, ఎన్నాళ్లు, ఎన్ని కాపీలు, ఒక్కరికేనా.
* ఫొటో పక్కన పేరు వేస్తారా.
* ఇద్దరి సంతకాలు.

మళ్లీ మన కుర్రాడి దగ్గరికి వద్దాం. వచ్చే మాఘంలో మరో బాబాయ్ 'ఎంతిమ్మంటావు?' అనడుగుతాడు. ఈసారి 'మీ ఇష్టం' అనకుండా ఒక అంకె, ఒక కాగితం ముందు పెడితే చాలు. కాస్త బిడియంగా ఉండొచ్చు. కానీ సంతకం పెట్టాక ఇద్దరికీ నిశ్చింత.

పండ్ల వ్యాపారి దగ్గరికి కూడా గొడవ పడటానికి వెళ్లక్కర్లేదు. 'ఈ సీజనుకు మీ పెట్టెల మీద వేసుకోండి, ఇంతివ్వండి. వచ్చే ఏడాది కావాలంటే మళ్లీ మాట్లాడుకుందాం' అంటే సరిపోతుంది. ఆ మాట ఆయనకు వెంటనే అర్థమవుతుంది. ఏటా పూత రాగానే తోటల్లో తిరుగుతూ ఆయన మాట్లాడే బేరం కూడా అదే కదా!